బరువైన కవరు

పోయిన వారం ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. పోస్టు మావ పోయాడట. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది, చివర్లో చూపు బాగా మందగించిందట. వాళ్లబ్బాయి కర్మ కార్డు ఇవ్వడానికి ఇంటికొచ్చి, "అక్కకి కూడా చెప్పు, నాన్న ఎప్పుడూ అడిగేవాడు" అన్నాడట. ఏమని అడిగేవాడో నాకు తెలుసు. "మా ఇంకా రాస్తోందా?" అని. ఒడియా పెద్దవాళ్లు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు. ఆయన నోట నా పేరు ఎప్పుడూ వినలేదు.

నేను విశాఖలో స్థిరపడి చాలా కాలమైంది. నా కథలు చదివినవాళ్లు కొందరు ఉన్నారు. అవి పత్రికల నుంచి ఎన్నెన్నిసార్లు తిరిగొచ్చాయో తెలిసినవాళ్లు మాత్రం ముగ్గురే. అమ్మ, తెలుగు మాస్టారు, పోస్టు మావ. ఇప్పుడు ముగ్గురూ లేరు. ఆ రోజులు నాతోపాటే పోకూడదని ఇది రాస్తున్నాను.

*

మా వీధిలో పోస్టు మావ రాకని సైకిలు బెల్లుతో కాదు, దాని చైను కవరు చప్పుడుతో పోల్చుకునేవాళ్లం. అది ఎక్కడో వదులై తొక్కినప్పుడల్లా టక్కు టక్కుమనేది. పొద్దున్న పదకొండు దాటాక ఆ చప్పుడు వీధి మొదట్లో వినిపించగానే నాకు టెన్షన్ మొదలయ్యేది. చేతిలో ఏ పనుంటే ఆ పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేదాన్ని.

కవరు బరువుని బట్టే సంగతి తెలిసిపోయేది. పత్రికవాళ్లు కథ తీసుకుంటే ఒక్క పోస్టుకార్డు వస్తుంది. వద్దనుకుంటే మనం పంపిన కాగితాలన్నీ మనం పెట్టిన కవర్లోనే, మనం అంటించిన స్టాంపులతోనే వెనక్కి వస్తాయి. ఊళ్లో అందరికీ ఎవరో ఒకరి చేతిరాతతో ఉత్తరాలు వచ్చేవి. నాకు నా చేతిరాతతోనే వచ్చేవి. ఆ కవరు మీద నా గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు దూరం నుంచే కనిపించేవి. ఇంగ్లీషులో ఎందుకంటే, మొదట్లో తెలుగులో రాస్తే ఒకటి రెండు కవర్లు ఎక్కడెక్కడో తిరిగి నెల తర్వాత చేరాయి. మాది ఒరిస్సా కదా, ఉత్తరాలు విడదీసే చోట తెలుగు చదివేవాళ్లు అందరూ ఉండరు. అప్పటికి ఒడిశా అనే పేరు రాలేదు.

మావది కాశీనగర్ వైపు ఊరు. తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు గానీ చదవడం రాదు. అయినా ఆ కవరేమిటో, దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దుకాణంలో నాన్న ముందు నలుగురు కూచుని ఉంటే అక్కడ ఇచ్చేవాడు కాదు. మిగిలిన ఉత్తరాలు నాన్నకిచ్చేసి, సైకిలు నడిపించుకుంటూ సందులోంచి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. "మా, ఒచ్చింది" అనేవాడు, అంతే. తిరిగొచ్చిందని ఏ రోజూ అనలేదు. నేను తీసుకుని లోపలికి వెళ్లేదాకా సైకిలు ఎక్కేవాడు కాదు.

*

ఇప్పటి పిల్లలకి కథ పంపడమంటే ఫోన్లో ఒక నొక్కు. అప్పుడు అదొక పెద్ద తతంగం. బజార్లో అరఠావు కాగితాలు కొని, ఎడమవైపు మార్జిన్ మడిచి, కాగితానికి ఒకవైపే రాయాలి. వరుసకీ వరుసకీ మధ్య జాగా వదలాలి. చివర హామీ పత్రం. 'ఈ కథ నా సొంతమని, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదని, మరే పత్రిక పరిశీలనలోనూ లేదని హామీ ఇస్తున్నాను.' ఆ వాక్యం రాసి కింద సంతకం పెట్టేటప్పుడు కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత భయంగా ఉండేది. తర్వాత తిరుగు కవరు. స్టాంపులు జతచేయని రచనలు తిప్పి పంపబడవు అని ప్రతి పత్రికలోనూ ఒక మూల వేసేవారు. అంటే కథతోపాటు అది తిరిగి రావడానికి దారి ఖర్చు కూడా మనమే పెట్టి పంపాలి.

పోస్టాఫీసులో ఒక బంక డబ్బా ఉండేది. దాన్లో పుల్లకి చుట్టిన గుడ్డ పీలిక. వానాకాలంలో ఆ బంక పులిసిన వాసన కొట్టేది. వేళ్లకి అంటుకుంటే సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వదిలేది కాదు. పరీక్ష ఫీజులో మిగిలిన డబ్బులుంటే రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి పంపేదాన్ని. ఆ కార్డు మీద ఎవరిదో సంతకం వచ్చేది. అది ఎడిటర్ గారి సంతకమే అనుకుని దిండు కింద పెట్టుకున్న రోజులున్నాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారని పేపర్లో చదివినప్పుడు ఆ కార్డే కళ్లముందు మెదిలింది.

పోస్టు చేసి ఇంటికొస్తూ చిన్న రైలు కూత వింటే, నా కథ అందులోనే ఎక్కిందని గట్టి నమ్మకం. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా మా ఊరొచ్చి గుణుపురం దాకా పోయే రైలు అది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. రాజావారు వేయించారు, 1900లో మా ఊరి దాకా నడిచింది. మలుపుల దగ్గర కుర్రాళ్లు దిగి, రెండడుగులు పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లు. 2004లో ఆ పట్టాలు తీసేసి తర్వాత పెద్ద లైను వేశారు. టపా సంచులు నిజంగా ఆ రైల్లోనే వెళ్లేవో లేదో నేను ఎవరినీ అడగలేదు. నౌపడ వైపు వెళ్లే కూత వినిపిస్తే చాలు, ఆ పూట అన్నం సహించేది.

*

తిరిగొచ్చిన కథని నేను ముందు చదివేదాన్ని కాదు, చూసేదాన్ని. ఎడమ మూల గుండుసూది గుచ్చిన చోట తుప్పు మరక. మొదటి పేజీ మీద ఆఫీసు ముద్ర, అందులో ఒక నెంబరు. ఒకసారి మూడో పేజీ మీద టీ గ్లాసు అడుగు అచ్చు గుండ్రంగా పడి ఉంది. ఆ మరకని చూసి ఎంత సంతోషపడ్డానో! మూడో పేజీ దాకా ఎవరో వచ్చారన్నమాట. కొన్నిసార్లు లోపలి పేజీలు నేను మడిచిన మడతలోనే, విప్పిన గుర్తు కూడా లేకుండా వచ్చేవి. వాటికి మాత్రం కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది.

కాగితాల పైన ఒక అచ్చు చీటీ ఉండేది. మీ రచనను ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం, మీ సహకారానికి ధన్యవాదాలు. ఏ కథకైనా అదే చీటీ. వాటిని చింపి పొయ్యిలో వేద్దామనుకుంటే అమ్మ పడనిచ్చేది కాదు. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని పాల లెక్క, చాకలి పద్దు వాటి మీదే రాసి మేకుకి గుచ్చేది. ఒడియాలో రాసేది. అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడికి లోపల పల్లెటూరు. మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది ఒడియా. అలాంటి ఇళ్లు మా వైపు ఎన్నో. ఆ చీటీల రెండోవైపు ఏముందో అమ్మకి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

తెలుగు చదవడం రాని అమ్మే నా మొదటి పాఠకురాలు. మధ్యాహ్నం చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూచునేది. "ఏటే, మళ్లీ ఒచ్చీసిందా? చదువు, ఇంటాను" అనేది. నేను చదివేదాన్ని. అమ్మ ముఖం చూస్తే ఏమీ తెలిసేది కాదు. చేతులు చూడాలి. కథ నడుస్తుంటే వేళ్లు నెమ్మదించేవి. బాగా పట్టుకున్న చోట చెయ్యి చేటలోనే ఆగిపోయేది. నేను వర్ణనల్లోకి దిగితే, చంద్రుడూ వెన్నెలా అని రాసుకున్న చోట, వేళ్లు టకటకా కదిలేవి, చేట ఒకసారి చెరిగేది కూడా. మొదట్లో ఇది గమనించలేదు. గమనించాక పెన్సిలు పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చేట చెరిగిన చోటల్లా మార్జిన్లో చిన్న గీత. సాయంత్రం ఆ గీతలున్న వాక్యాలు తీసేసేదాన్ని. తర్వాత చాలా వర్క్‌షాపులకి వెళ్లాను, పెద్దవాళ్లు చెప్పినవి విన్నాను. అమ్మ వేళ్లంత ఖచ్చితంగా ఎవరూ చెప్పలేదు.

కథ మళ్లీ పంపాలంటే కాగితాలు కొత్తగా కనిపించాలి. మొత్తం తిరగరాసే ఓపిక, కాగితాల ఖర్చు రెండూ ఉండవు. మొదటి పేజీ, చివరి పేజీ మాత్రం కొత్తగా రాసి, లోపలివాటికి నాన్న చొక్కాల తర్వాత బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో మెల్లగా మడతలు తీసేవాళ్లం. పైన తడి తువ్వాలు వేస్తే సిరా అలుక్కుపోతుంది, పొడి గుడ్డే వెయ్యాలి. అది కూడా అమ్మే కనిపెట్టింది.

*

తెలుగు మాస్టారిని అందరూ మాస్టారు అనే అనేవారు. ఊళ్లో తెలుగు చెప్పేవాళ్లు తగ్గిపోతున్న రోజులు అవి. ఒక పంతులు రిటైరైతే ఆ జాగా అలాగే ఖాళీగా ఉండిపోయేది. ఆయన రిటైరయ్యాక కూడా అరుగు మీద పిల్లల్ని కూచోబెట్టుకుని ఉచితంగా చెప్పేవారు.

వరసగా కథలు తిరిగొచ్చి, ఇంక రాయనని ఏడుస్తూ వెళ్లిన రోజు ఆయన నన్ను ఓదార్చలేదు. మంచినీళ్లు తాగమని, గిడుగు రామమూర్తి గారి గురించి మొదలుపెట్టారు. ఆయన పేరు నాకు తెలుసు, వాడుక భాష కోసం పోరాడారని పుస్తకంలో చదివాను. ఆయన ఈ వీధుల్లో నడిచిన మనిషన్న సంగతి మాత్రం ఎప్పుడూ తట్టలేదు. 1880లో రాజావారి బడిలో పంతులుగా మా ఊరొచ్చారు. చెప్పింది చరిత్ర పాఠాలు. కొండల్లోంచి దిగే సవర గిరిజనుల మాట నేర్చుకోవాలనిపిస్తే, ఆ భాషకి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవర తెలిసినవాళ్లని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని, ఏళ్ల తరబడి కష్టపడితే ఆ వ్యాకరణం 1931లో అచ్చైంది. తెలుగు సంగతి ఇంకా కష్టం. మనుషులు మాట్లాడుకునే తెలుగులో పిల్లలు రాయకూడదా అని ఆయన అడిగితే, మద్రాసులో పండితుల్లో ఎక్కువమంది కుదరదన్నారు. 1919లో, యాభై అయిదేళ్లు దాటిన వయసులో, ఆయన 'తెలుగు' అని సొంతంగా పత్రిక పెట్టుకుని తను చెప్పదలుచుకున్నది రాశారు. 1936లో ఒరిస్సా ఏర్పడి మా ఊరు అందులో కలిస్తే, ఆ వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

"ఆయనకి ఎంతమంది వద్దన్నారో లెక్క తియ్యి. నీకు అయిదారుగురు వద్దన్నారు" అన్నారు మాస్టారు. తర్వాత నాకో పద్ధతి చెప్పారు. ఒక కథ తిరిగొచ్చే లోపల ఇంకొకటి దారిలో ఉండాలి. తిరిగొచ్చినదాన్ని నెల దాకా ముట్టుకోకూడదు. ముట్టుకున్నాక ముందు ఎవరికైనా చదివి వినిపించాలి. ఆ పద్ధతి నన్ను నిలబెట్టింది. చెప్పుకోడానికి చిన్న విషయం. అయినా బరువైన కవరు అందుకున్న మధ్యాహ్నం, ఇంకొకటి ఎక్కడో ప్రయాణంలో ఉందని తెలిస్తే మనిషికి ఎంత ధైర్యమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

*

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అచ్చు చీటీ కాదు, చేత్తో రాసిన రెండు వాక్యాలు. ఒక పత్రిక, పేరు వద్దు, ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. 'మీ పాత్రల భాష మన పాఠకులకు అర్థం కాదు. కథ తెలుగు ప్రాంతంలో జరిగినట్టు మార్చి పంపండి.' ఆ కథలో సంతకొచ్చిన సవర ముసలమ్మ ఉంది, చింతపండు తూకంలో మోసపోయి నిలదీస్తుంది. కొంచెం ఒడియా, మా ఊరి తెలుగు, రెండు మూడు సవర మాటలు. మాది తెలుగు ప్రాంతం కాదని ఒకాయన అంత మామూలుగా రాసెయ్యడం చూసి చేతులు వణికాయి. ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్కనే. అక్కడ పెళ్లైన మా పిన్ని తెలుగు దేశంలో ఉన్నట్టు, ఇక్కడున్న మేం లేనట్టు!

ఆ రాత్రి నాన్న ఆ కాగితం అడిగి తీసుకున్నారు. అప్పటిదాకా నా రాతల గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మా దుకాణం సంతకి దగ్గర. కొండ మీంచి చింతపండు, పసుపు, కొండచీపుళ్లు వచ్చేవి. పొద్దున్నించి చీకటి పడేదాకా మూడు భాషల్లో బేరాలు. నాన్న ఆ రెండు వాక్యాలు చదివి, "మన దుకాణంలోకొచ్చినోళ్లలో మాట అర్థం కాక తిరిగెళ్లిపోయినోడు ఒక్కడున్నాడా?" అని అడిగారు. లేడన్నాను. "మరింకేటి" అని కాగితం నా చేతికిచ్చి పడుకున్నారు.

ఊరు మార్చలేదు. ముసలమ్మ మాట కూడా మార్చలేదు. ఆవిడ ఏ మాట అన్నప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో, తక్కెడ ఎటు వాలిందో రాశాను. దాంతో మాట తెలియనివాళ్లకి కూడా సంగతి తెలుస్తుంది. అమ్మకి చదివితే చేట ఒక్కసారి కూడా చెరగలేదు. వేరే పత్రికకి పంపాను.

*

ఆ రోజు పోస్టు మావ సందులోకి రాలేదు. వీధి మొదటి నుంచి బెల్లు ఆపకుండా కొడుతూ వచ్చి, దుకాణం ముందు దిగి, నాన్న ఎదురుగా, బేరానికొచ్చినవాళ్లందరి ముందు కార్డు చెయ్యెత్తి చూపించాడు. తెలుగు చదవడం రాని ఆయనకి అది కార్డన్న సంగతే చాలు. నాన్న చదివి వినిపించారు. అమ్మ మావకి అరిసెలు పెట్టింది. ఆయన నిలబడే తిన్నాడు, ఆ పూట ఇంకా సగం ఊరు మిగిలి ఉందట.

వీక్లీ మా ఊరికి ఆలస్యంగా వచ్చేది. బస్టాండు దగ్గర కట్ట విప్పుతుండగానే తీసుకుని, అక్కడే నిలబడి చూశాను. నా పేరుంది, బొమ్మ ఉంది. చదువుతుంటే ముసలమ్మ దగ్గర ఆగిపోయాను. ఆవిడ నోట్లో 'ఏటి బావూ' ఉండాల్సిన చోట 'ఏమిటి బాబూ' ఉంది. సవర మాటలు లేవు. ఇంటికొచ్చి అమ్మకి చదివాను. సగంలో అమ్మ బియ్యం చెరిగింది. "ఇది నువ్వు ముందు చదివిన కథ కాదే" అంది.

తిరిగొచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు. అచ్చు కావడం కోసం అంత కాలం ఎదురుచూసి, అచ్చయ్యాక ఆ ముసలమ్మని నేనే పోగొట్టుకున్నట్టు అనిపించింది. మాస్టారు మాత్రం, "నీ చేతి కాపీ ఉందిగా, దాచు. పుస్తకం వేసేటప్పుడు ఆవిడ మాట ఆవిడకి ఇచ్చెయ్" అన్నారు. చాలా ఏళ్లకి పుస్తకం వచ్చినప్పుడు అదే చేశాను. అప్పటికి మాస్టారు లేరు.

*

శ్రీకాకుళంలో కథానిలయానికి మొదటిసారి వెళ్లినప్పుడు నా పేరున్న పాత వీక్లీ అక్కడ బీరువాలో కనిపించింది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఆ ఇల్లు కట్టి, అచ్చైన ప్రతి తెలుగు కథనీ చేర్చాలని పూనుకున్నారు. పాత సంచికలు అట్టలు కట్టి ఎంత శ్రద్ధగా పెట్టారో చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. అక్కడున్న ప్రతి కథ వెనకా అచ్చుకాని కథలు ఎన్నో ఉండి ఉంటాయి, ఎవరి ఇంట్లోనో, ఏ ట్రంకు పెట్టెలోనో. నావి నా దగ్గరే ఉన్నాయి. తుప్పు మరకలతో సహా.

గుణుపురం నుంచి ఒకమ్మాయి ఈ మధ్య నాకు కథలు పంపుతోంది. బాగా రాస్తుంది. పత్రికలకి మెయిల్ చేసి నెలల తరబడి చూస్తోంది. ఎవరూ అవునన్నది లేదు, కాదన్నది లేదు. "అత్తా, వాళ్లకి చేరిందో లేదో కూడా తెలీట్లేదు" అంటుంది. నాకు కనీసం చీటీ వచ్చేది, కాగితాలు వచ్చేవి, అవి తెచ్చిచ్చే మనిషి ఒకడు ఉండేవాడు. ఈ పిల్లకి అదీ లేదు. కథలు ఎంచే చోట ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట అడుగుతున్నాను. వద్దనుకుంటే వద్దని రాయండి. రెండు ముక్కలు చాలు. పనెక్కువని నాకు తెలుసు. కానీ అటువైపు ఒక పిల్ల రోజుకి పదిసార్లు ఫోన్ తెరిచి చూస్తుంటుంది.

ఆ అమ్మాయితో ఆదివారాలు ఫోన్లో మాట్లాడతాను. కథ తనే చదవాలి, నేను వినాలి, అదీ మా ఒప్పందం. మొన్న చదువుతుంటే మధ్యలో ఒకచోట నేను వంటింట్లో గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. అటునుంచి చదవడం ఆగింది. "అత్తా, ఇక్కడ బాలేదు కదా?" అంది. బాలేదన్నాను. ఆ పేరా కొట్టేసింది. ఇంకాస్త ముందుకెళ్లాక వాళ్ల నానమ్మ మాట ఒకటొచ్చింది, నాకు అర్థం కాలేదు. అడిగాను. చెప్పి, "ఇది మాత్రం మార్చను" అంది.

"మార్చకు. చదువు" అన్నాను.